మూల గుంజ మీది గడ్డం తొండ

సెప్టెంబర్ 9

గడ్డం తొండ లేచింది. పొద్దున్న దుప్పట్లు ఆరేయడానికి వెనక్కి వెళితే మూల గుంజ మీద కనబడింది. ఆగస్టు దాకా, చలికాలమంతా మట్టి కింద పడుకుని వచ్చింది కదా, ఒళ్ళంతా ఎర్ర దుమ్ము, డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. ఎడమ చెవి వెనక పాత గాటు అలాగే ఉంది కనుక అదే. నన్ను చూసి గొంతు ఉబ్బించి, గడ్డం నల్లగా చేసి, నోరు తెరిచింది. నాలుగేళ్ళుగా చూస్తున్న మొహమే అయినా నేనంటే దానికి లెక్కలేదు. అందుకే నాకది ఇష్టం.

క్లైవ్ దీన్ని "మా అత్త" అంటాడు. అది గడ్డం ఉబ్బించినప్పుడల్లా "బ్రోన్, మీ అమ్మ వచ్చింది, టీ పెట్టు" అని అరుస్తాడు. ఆ గుంజ పాతింది అతనే. ఈ చుట్టుపక్కల ఏ గొర్రెల కమతానికి కంచె వేయాలన్నా క్లైవ్ పాస్కోకే కబురు పెడతారు. జూన్‌లో పశ్చిమానికి, గనుల్లో పనికి వెళ్ళాడు. పోయినేడు కూడా వెళ్ళాడు. ఈ నెలలో వస్తానన్నాడు.

ఫోన్ చేసి తొండ లేచిందని చెప్పాలి.

సెప్టెంబర్ 10

ఎత్తలేదు. షిఫ్టులో ఉండి ఉంటాడు.

సెప్టెంబర్ 15

దొరికాడు. ఓవర్‌టైమ్ పడిందట, అక్టోబర్ దాకా కుదరదట. తొండ లేచిందని చెప్పాను. "ఏ తొండ?" అన్నాడు. కాసేపాగి, "ఆఁ, మీ అమ్మ!" అని నవ్వాడు. లైను బాగాలేదు. వెనక ఎక్కడో టీవీలో చిన్నపిల్లల బొమ్మల కార్యక్రమం వస్తోంది. గని క్యాంపులో మగాళ్ళు ఏం చూస్తారో ఏమిటో.

సెప్టెంబర్ 22

పబ్బులో వంట అయ్యాక ఇంటికొస్తే డానెల్ గుమ్మంలో కూర్చుని ఉంది. క్లైవ్ చెల్లెలు. మా ఇంటికి రెండిళ్ళవతల ఉంటుంది, పెట్రోలు బంకులో పని. ఆడపడుచులందరిలోకీ నాకు దొరికింది మంచిదని అందరితో చెప్పుకునేదాన్ని.

కాఫీ ఇచ్చాను. కప్పులోకి చూస్తూ కూర్చుంది.

"అన్నయ్య ఫోన్ చేశాడా వదినా?"

"చేశాడు. పని ఎక్కువగా ఉందట."

"ఏమన్నాడు?"

"చెప్పానుగా, పని ఎక్కువని."

"ఇంకేం అనలేదా?"

"ఇంకేం అనాలే?"

"ఏం లేదులే" అని వెనక వాకిట్లోకి వెళ్ళి తొండని చూసింది. అంతసేపు ఎప్పుడూ చూడలేదు. "పట్టుకుంటే కరుస్తుందా?" అని అడిగింది. కరవదు, కానీ పట్టుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదని చెప్పాను.

అక్టోబర్ 4

రాత్రి వాన. మన ఊళ్ళో వాన పడితే మనుషులకి మతి పోతుంది. పబ్బు యజమాని గస్ తలుపులు బార్లా తీసి అందరినీ రోడ్డు మీద నిలబెట్టాడు. పొద్దున వాకిలంతా పసుపుపచ్చ గడ్డిపూలు. తొండ గుంజ దిగి పూలు ఒక్కొక్కటే కొరుక్కుని తింటోంది, పెదాలకి పసుపు అంటించుకుని. నేను మెట్టు మీద కూర్చుని టోస్టు తిన్నాను. నాతో కలిసి ఫలహారం చేసిన ప్రాణి ఈ మధ్య ఇదొక్కటే.

క్లైవ్ నవంబర్ అంటున్నాడు. సరే, నవంబర్.

అక్టోబర్ 12

తొండ లేదు.

అక్టోబర్ 13

ఇవాళా లేదు. ఎండ బాగానే ఉంది, ఇంత ఎండలో అది గుంజ ఎక్కకుండా ఉండదు. కంచె పొడుగునా నడిచాను, ఉప్పుపొదల కింద వంగి చూశాను, నీళ్ళ ట్యాంకు వెనక చూశాను. రోడ్డు మీద ఒక తొండ చచ్చి ఉంది. దాన్ని తిరగేసి చెవి వెనక చూసే ధైర్యం రావడానికి కొంచెం టైము పట్టింది. అది కాదు.

పబ్బుకి వెళ్ళి గస్‌ని నిలదీశాను. అతని కుక్క ఒకప్పుడు వారానికో బల్లిని నోట కరుచుకొచ్చేది.

"నీ కుక్క పనేనా?"

"అమ్మాయ్, ఆ కుక్కకి పద్నాలుగేళ్ళు. అన్నం గిన్నె దాకా నడవడానికే రెండు సార్లు కూర్చుంటోంది."

"కట్టేసుకో."

"కట్టేస్తే తాడు బరువుకి చస్తుంది" అన్నాడు. బార్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కళాయిలు గట్టిగా పెట్టాను. ఒకదాని పిడి ఊడింది.

అక్టోబర్ 16

అక్షరాలు వంకరగా పడుతున్నాయి. పడనీ.

డానెల్‌కి కేకు గిన్నె తిరిగిద్దామని వెళ్ళాను. ముందు తలుపు తీసే ఉంది. ముందు గదిలో, బట్టల బీరువా ఉండాల్సిన చోట, పెద్ద గాజు తొట్టి. పైన ఎర్ర లైటు. అడుగున సంచుల్లో అమ్మే ఇసుక. ఇసుక! అడుగు బయట పెడితే ఆడిలైడ్ దాకా ఇసుకే కదా! గాజు వెనక అంటించిన కాగితం మీద ఎడారి బొమ్మ, అందులో మన దేశంలో లేని ముళ్ళ చెట్లు. ఆ బొమ్మ ముందు మా తొండ.

గాజు మీద గోళ్ళతో గీకుతోంది. పైకి లేస్తుంది, జారుతుంది, మళ్ళీ లేస్తుంది. ముక్కు కొస తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. దానికి గాజు అంటే ఏమిటో తెలీదు. బయట కనిపిస్తోంది, వెళ్ళలేకపోతోంది.

డానెల్ వంటింట్లోంచి వచ్చింది.

"వదినా, చెప్పేది విను..."

"ఇది నాదని తెలుసా నీకు?"

"నీదెలా అవుతుంది? అడివిది కదా!"

"అడివిదైతే దీన్ని పెట్టెలో ఎందుకు పెట్టావే?"

"రోడ్డు మీద ఉంది. లారీ కింద పడుతుందని తెచ్చాను."

"నాలుగేళ్ళ నుంచి పడలేదు, నీకు ఇవాళే జాలి పుట్టుకొచ్చిందా? అబద్ధాలాడకు డానెల్. నీకు చిన్నప్పటి నుంచీ అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. అద్దంలో చూసుకో."

తొట్టి మూత మీద చెయ్యి వేశాను. తను నా మణికట్టు పట్టుకుంది. నలభై ఏళ్ళు దగ్గరపడుతున్న ఆడది, యాభై దగ్గరపడుతున్న ఆడది, తొండ కోసం ముందు గదిలో తోసుకున్నాం. చివరికి తను తలుపు దగ్గర అడ్డంగా నిలబడి, "నీకు దండం పెడతా, వెళ్ళిపో. నేను మాటిచ్చాను" అంది.

ఎవరికిచ్చిందో అడగలేదు. నాకు తొండ కావాలి, డానెల్ మాట కాదు. కేకు గిన్నె అక్కడే నేలకేసి కొట్టాను.

అక్టోబర్ 17

వన్యప్రాణుల శాఖకి ఫోన్ చేశాను. పేరు, ఊరు, వీధి, అన్నీ చెప్పాను. అడివిలోంచి తొండని పట్టడం నేరం. లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకోవడం ఇంకో నేరం. "ఆవిడ మీకేమవుతారు?" అని అడిగారు. "ఏమీ కాదు" అన్నాను.

మనశ్శాంతిగా ఉంది.

అక్టోబర్ 18

మనశ్శాంతిగా లేదు.

అక్టోబర్ 21

ఊరంతా తెలిసిపోయింది. ఈ ఊళ్ళో మనిషిని గొడ్డలితో నరికినా క్షమిస్తారు, పై వాళ్ళకి చాడీ చెబితే క్షమించరు. మధ్యాహ్నం భోజనాలప్పుడు ఎవడో వంటింటి కిటికీలోకి తల పెట్టి, "బ్రోన్, ఇవాళ స్పెషల్ ఏంటి? తొండ వేపుడా?" అన్నాడు. ఇంకొకడు, "మెల్లగా మాట్లాడరా, నీ ప్లేటు మీద కూడా ఫిర్యాదు చేస్తుంది" అన్నాడు.

ఆ రెండోవాడికి గ్రేవీ లేకుండా పంపించాను. గ్రేవీ ఏదని అడగడానికి రాలేదు. రావాల్సింది.

అక్టోబర్ 24

మాంసం ముక్కల్ని చెక్క సుత్తితో చదును చేస్తుంటే డానెల్ పబ్బు వంటింటి వెనక తలుపు దగ్గరికొచ్చింది. లోపలికి రమ్మనలేదు. కొట్టుకుంటూ పోయాను.

"వదినా, శాఖ వాళ్ళు వచ్చే వారం వస్తారట. నువ్వు పొరపాటు పడ్డానని చెప్పు."

"పొరపాటు పడలేదు."

"అది నా కోసం కాదు."

"మరెవరి కోసం?"

"అన్నయ్య అడిగాడు."

సుత్తి ఆపలేదు. "మీ అన్నయ్యకి తొండ ఎందుకు? వాకిట్లో ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా దగ్గరకొచ్చి చూసిన పాపాన పోలేదు."

"టెగన్‌కి" అంది.

"టెగన్ ఎవరు?"

"నీకు తెలుసు."

"నాకు తెలీదు."

"తెలుసు వదినా." ఏడుపు గొంతుతో అంటోంది, చెవులు మాత్రం ఎర్రగా లేవు. "అన్నయ్యకి నేను చెప్పాను, నువ్వే చెప్పుకో, నా నెత్తిన పెట్టొద్దు అని. వచ్చినప్పుడు చెబుతానన్నాడు. డిసెంబర్‌లో సామాను తీసుకెళ్ళడానికి వస్తున్నాడు. ఆ పిల్ల మన తొండ గురించి విని విని అడుగుతోందట. పట్టి ఉంచు, వెళ్ళేటప్పుడు తీసుకెళతానన్నాడు. నేను కాదనలేకపోయాను. అన్నయ్య కదా!"

"విని విని అంటే ఎవరు చెబితే?"

"అన్నయ్యే. 'మా అత్త' అని కథలు చెబుతాడట."

చెక్క పీట రెండుగా పగిలింది. గస్ పరిగెత్తుకొచ్చి పీటనీ, మాంసాన్నీ, నా మొహాన్నీ చూసి, డానెల్‌ని చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకెళ్ళాడు.

అక్టోబర్ 25

ఆ పిల్లకి ఆరేళ్ళు. తల్లి పేరు లియాన్. గని ఊళ్ళో జుట్టు కత్తిరించే దుకాణం. క్లైవ్ పోయినేటి నుంచీ అక్కడే.

నా కోపం తొండ గురించే. స్పష్టంగా రాసి పెట్టుకుంటున్నాను.

అక్టోబర్ 27

నా కథ అది. నా తల్లి మీద వేసిన జోకు, నా వాకిట్లో, నేను పెట్టిన టీ తాగుతూ. దాన్ని కూడా పట్టుకుపోయాడు.

నవంబర్ 3

శాఖ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, మరీటా. ముప్పై ఏళ్ళుంటాయేమో. టోపీ, దుమ్ము బూట్లు. నన్ను కూడా డానెల్ ఇంటికి రమ్మంది, ఇదే ఆ తొండ అని చెప్పడానికి. నేనూ డానెల్ చెరో గోడకీ ఆనుకుని నిలబడ్డాం.

మరీటా చేతులకి తొడుగులు వేసుకుని తొండని తీసింది. చెవి వెనక గాటు చూపించాను. నోరు తెరిచి చూసింది, కడుపు నొక్కి చూసింది, ముక్కు చూసి పళ్ళు కొరికింది. ఇక అయిపోయింది, మా వెనక వాకిట్లోకి తీసుకెళ్ళి గుంజ మీద పెడతానన్నట్టు నేను చేతులు చాచాను కూడా.

"ఈ తొట్టి కొత్తదా?" అని డానెల్‌ని అడిగింది.

"లేదు. బ్రోకెన్ హిల్‌లో ఒకాయన ఇల్లు మారుతూ ఇచ్చేశాడు. తొండతో సహా."

"ఏ తొండ?"

"పెంపుడుది, నారింజ రంగుది. గాజులోనే పుట్టి గాజులోనే పెరిగింది. పాపం, బయట పెడితే ఎండకి భయపడి నా కాళ్ళ కిందికి దూరేది. దీనితో పాటే ఉంచాను, తోడుగా ఉంటుందని. ఆ నారింజది తిండి మానేసింది. మూడో రోజుకి చచ్చిపోయింది."

మరీటా తొండని గుడ్డ సంచిలో పెట్టి మూతి కట్టింది. ఆ ముడి చూస్తేనే నాకు అర్థమైంది.

"ఇక్కడే వదిలేయండి. గుంజ రెండిళ్ళవతలే ఉంది" అన్నాను.

"వదలడానికి వీల్లేదు."

"ఎందుకు వీల్లేదు? అడివిది! దాని చోటు అది! మీ చట్టమే కదా చెప్పింది!"

"పెంపుడు వాటిల్లో ఒక జబ్బు తిరుగుతోంది. పైకి కనబడదు. ఇది దాంతో మూడు రోజులు ఒకే తొట్టిలో ఉంది. దీనికి అంటుకుని ఉంటే, బయట ఒక్కదాన్ని వదిలినా ఈ ప్రాంతంలో ఉన్న తొండలన్నిటికీ అంటించినట్టే. ముందు పరీక్ష చేయించాలి."

"అంటుకుంటే?"

"పరీక్ష రానివ్వండి."

డానెల్ నేల మీద కూలబడింది. "తోడుంటుందని పెట్టాను వదినా" అంటోంది. దాన్ని తన్నాలనిపించింది. మరీటాని తన్నాలనిపించింది. సంచిలో కదులుతున్న ఆ ప్రాణిని తప్ప అందరినీ తన్నాలనిపించింది.

డానెల్‌కి మొదటిసారి కనుక హెచ్చరికతో సరిపెట్టారు. తొట్టిలో పడినందుకు తొండకి ఏ హెచ్చరికా లేదు, నేరుగా శిక్షే.

నవంబర్ 11

ఫోన్ మోగితే పరీక్ష ఫలితం అనుకున్నాను. క్లైవ్. డిసెంబర్ రెండో వారంలో వస్తాడట. "నీతో కొంచెం మాట్లాడాలి బ్రోన్" అన్నాడు. "మాట్లాడు" అన్నాను. "వచ్చాక" అన్నాడు. ఓవర్‌టైమ్ ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందన్నాడు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేసుకోమన్నాను.

తెలుసని చెప్పలేదు. వాడి నోటితోనే చెప్పాలి. నేను అందించను.

నవంబర్ 19

జబ్బు ఉంది.

మరీటా చాలా మర్యాదగా చెప్పింది. నాకా మర్యాద మీద కూడా మండింది. అది ఇంకా నీరసించలేదట, ఏళ్ళ తరబడి బతకొచ్చట, కానీ ఎప్పటికీ బయటికి వదలకూడదట. సూది వేసి నిద్రపుచ్చడమొకటి, లేదా లైసెన్సు తీసుకున్నవాళ్ళ దగ్గర ఒంటరిగా ఉండటమొకటి.

"లైసెన్సు నేను తీసుకుంటాను" అన్నాను.

"మీరా? మొదటి రోజు ఫోన్లో, తొండని పెట్టెలో పెట్టినవాళ్ళని కూడా పెట్టెలో పెట్టాలన్నారు. నేను రాసుకున్నాను."

"అన్నాను."

"రోజూ లైటు, కాల్షియం పొడి, బతికున్న పురుగులు. వేరే తొండలేవీ దగ్గరికి రాకూడదు. చేయగలరా?"

"ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను. ఇదెంత?" అన్నాను. నవ్వింది. నేను జోకు వేయలేదు.

నవంబర్ 28

నా వంటింట్లో గాజు తొట్టి. డానెల్‌దే, మరీటా చెప్పిన మందుతో మూడుసార్లు కడిగాను. ఎడారి బొమ్మ చింపి పొయ్యిలో వేశాను.

గీకడం ఆపదు. పొద్దున్న నేను టోస్టు తింటుంటే గీకుతూనే ఉంటుంది. చివరికి గాజు కింది సగం గోధుమరంగు కాగితంతో మూసేశాను. బయట కనబడకపోయేసరికి ఆగింది. ఆగిందని సంతోషించాలో ఏమిటో తెలీక వెళ్ళి పబ్బులో ఉల్లిపాయలన్నీ తరిగేశాను. శుక్రవారానికి సరిపడేవి కూడా.

డిసెంబర్ 2

నిన్న డానెల్ వెనక గేటు దగ్గరికొచ్చింది. బండి డిక్కీలో ఇనుప వల చుట్టలు, కర్రలు.

"ఎండలో పెట్టడానికి బయట బోను కడతాను. రెండు వరసల వల. బయటివి దీన్ని తాకకుండా. మరీటా గారు ఎలా కట్టాలో చెప్పారు."

"అక్కర్లేదు."

"నీ కోసం కాదు, దాని కోసం."

గేటు తీయలేదు, వెయ్యలేదు. రెండు రోజులు పట్టింది దానికి. మేకులన్నీ వంకరే, అన్న పని దీనికి ఏ మాత్రం రాలేదు. మంచినీళ్ళ సీసా మాత్రం గట్టు మీద పెట్టాను.

డిసెంబర్ 14

నలభై మూడు డిగ్రీలు. క్లైవ్ వచ్చాడు.

కొత్త చొక్కా. జుట్టు బాగా కత్తిరించి ఉంది. ఎవరు కత్తిరించారో అడగాల్సిన పనిలేదు. వంటింట్లోకి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు, బయటివాడిలా. తొట్టి చూశాడు.

"అరె! నువ్వు కూడా పెట్టెలో పెట్టేశావే మీ అమ్మని!"

పొయ్యి మీది టీ నీళ్ళు దించేశాను.

"బ్రోన్, నీకు చెబుదామనే అనుకున్నాను."

"చెప్పు."

"డానెల్ చెప్పే ఉంటుందిగా."

"నువ్వు చెప్పు."

చెప్పాడు. నేల వైపు చూస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అనుకోకుండా జరిగిందట. ఎవరి తప్పూ లేదట. ఏడాదిన్నర పాటు అనుకోకుండానే జరుగుతూ వచ్చిందట. విన్నాను. పూర్తయ్యాక "ఇంకా?" అన్నాను.

"సామాను తీసుకెళతాను. వెల్డింగు మిషను, గుంతలు తవ్వే మిషను. ఇంకా..." తొట్టి వైపు చూశాడు. "టెగన్‌కి మాటిచ్చాను."

"మాట!" అన్నాను. "నువ్వు!"

"పసిపిల్ల, దానికేం తెలుసు? నీకెందుకిది బ్రోన్, నీకు పెంపుడు జంతువులంటేనే గిట్టదుగా."

"జబ్బు చేసింది దానికి. నీ మాట వల్లే. రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు దాటేలోపే పట్టుకుంటారు నిన్ను. ఆ తర్వాత దానికి సూది వేస్తారు. నీకు వేస్తామంటే ఇచ్చి పంపేదాన్నే."

అప్పుడు వాడికీ కోపం వచ్చింది. వాకిట్లోకి నడిచాడు, చేతులూపుతూ. "ఎప్పుడూ ఇంతే నువ్వు! ఈ ఇంట్లో నాదంటూ ఏముంది? ఈ షెడ్డు నేను కట్టాను, ఈ కంచె నేను వేశాను, ఆ గుంజ ఈ చేతులతో పాతాను! నీ తొండ కూర్చున్నది నా గుంజ మీదే!"

"అయితే తవ్వుకుపో."

"ఏంటి?"

"గుంజ. నీదేగా. తవ్వి తీసుకెళ్ళు. ఆ పిల్లకి గుంజ ఇవ్వు, అత్త కూర్చున్న గుంజ అని."

ఊరికే అన్నాననుకున్నాడు. పార తెచ్చి కాళ్ళ దగ్గర పడేశాను. అప్పటికే గోడ అవతల గస్, బార్లో ఉండాల్సినవాళ్ళలో సగం మంది, సీసాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. అందరి ముందూ వెనక్కి తగ్గడం క్లైవ్‌కి చేతకాదు. తవ్వడం మొదలుపెట్టాడు.

ఈ జిల్లాలో ఎవరి గుంజ ఊడినా క్లైవ్ పాతింది ఊడదంటారు. మూరన్నర లోతు, చుట్టూ కాంక్రీటు. కొత్త చొక్కా వీపుకి అంటుకుపోయింది. మొహం కందగడ్డలా అయింది. గోడ అవతల ఎవడో, "కాంక్రీటు బాగా కలిపావు క్లైవ్!" అన్నాడు. ఇంకొకడు, "తొందరేం లేదు, పబ్బు పది దాకా తీసే ఉంటుంది" అన్నాడు. నేను గడప మీద చేతులు కట్టుకుని నిలబడ్డాను. నీళ్ళివ్వలేదు.

డానెల్ వచ్చింది. అన్న వైపు వెళుతుందనుకున్నాను. కంచె దగ్గర ఆగి, కాసేపు చూసి, "అన్నయ్యా, గడ్డపార కావాలా? మా ఇంట్లో ఉంది" అంది.

గోడ అవతల గస్ నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. క్లైవ్ పార విసిరేశాడు. గుంజ ఒక పక్కకి ఒరిగింది, ఊడలేదు. కంచె తీగ వదులై వేలాడింది. మిషన్లు బండిలో వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళాడు. వీధి చివర మలుపు దగ్గర ఇండికేటర్ వేశాడు. ఈ ఊళ్ళో ఎవడూ ఇండికేటర్ వేయడు. అక్కడ నేర్చుకున్నాడు కాబోలు.

డిసెంబర్ 15

క్లైవ్ నన్ను వదిలేశాడు. జూన్‌లోనే వదిలేశాడు.

డిసెంబర్ 25

గస్ పబ్బులో భోజనం. చల్లటి రొయ్యలు, పంది మాంసం, కాగితపు టోపీలు. ఎవ్వరూ తొండ మాట ఎత్తలేదు, క్లైవ్ మాట ఎత్తలేదు. నాతో ఎంతో మెత్తగా మాట్లాడారు, రోగిష్టిదానితో మాట్లాడినట్టు. అక్టోబర్‌లో వేపుడు అన్నవాడు నాకు కుర్చీ లాగి వేశాడు. దానికన్నా వేపుడే నయం.

జనవరి 11

మధ్యాహ్నం తొండని బయటి బోనులో ఎండకి పెట్టాను. రోజూ గంటసేపు పెడతాను. లోపల లైటు కింద బూడిదలా ఉండేది ఎండ తగలగానే రంగు తిరుగుతుంది, వీపు మీద పసుపు గీతలు తేలతాయి. లైటు ఎంత మంచిదైనా ఎండ కాదు.

గిన్నె తేవడానికి లోపలికి వెళ్ళొచ్చేసరికి ఒక మగ తొండ వచ్చి ఉంది. వదులైన కంచె కిందినుంచి దూరినట్టుంది. పెద్దది, మెడ దగ్గర బంగారు రంగు. బోను బయటి వల ఎక్కి, గడ్డం కారు నలుపు చేసి, తల టకటకా ఊపుతోంది. లోపల ఇది ఒక ముందుకాలు ఎత్తి మెల్లగా గాల్లో తిప్పుతోంది. వాడికీ దీనికీ మధ్య రెండు వరసల వల, జానెడు ఖాళీ. మరీటా చెప్పింది గుర్తుంది. దగ్గరికి రాకూడదు.

చీపురు తెచ్చి తోశాను. పది గజాలు పరిగెత్తి ఆగి, తిరిగి చూసి, మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తోశాను. మళ్ళీ వచ్చాడు.

"పో! సిగ్గులేదా? ఎందుకొస్తావ్? ఇది రాదు! రాలేదు! నీకెంత చెప్పినా బుర్రకెక్కదా? వెళ్ళు! నీకు ఈ దేశమంతా ఉంది, దీనికి ఈ మూడు గజాలే ఉన్నాయి, ఇక్కడికే రావాలా నువ్వు? పోరా!"

ఎంతసేపు అరిచానో తెలీదు. గొంతు పోయింది. వెనక్కి తిరిగితే గేటు దగ్గర డానెల్, బంకు యూనిఫాంలో.

"ఎవరితో వదినా?"

"వీడితో."

వచ్చి బోను పక్కన వంగి చూసింది. లోపలి తొండ ఇంకా చెయ్యి తిప్పుతూనే ఉంది. "పాపం, రమ్మంటోంది వాణ్ణి" అంది.

"రమ్మనడం కాదది. 'నన్నేం చెయ్యకు, నీతో నాకు గొడవ లేదు' అనడం."

"అంతేనా?" అంది. వల మీద దుమ్ము దులిపి, "మరి నీకు? నాతో ఉందా ఇంకా?" అంది.

"ఉంది."

తల ఊపింది. "ఆ చీపురు ఇటివ్వు. పొద్దుట్నుంచీ ఏం తిన్నట్టు లేవు. లోపలికెళ్ళు, నేను చూస్తాను."

ఇవ్వలేదు. అరనిమిషం చూసి వెళ్ళిపోయింది. పోతే పోయిందనుకున్నాను. కాసేపటికి వాళ్ళింటి నుంచి తన చీపురు పట్టుకుని వచ్చింది. బకెట్ బోర్లించి బోనుకి అటు పక్కన కూర్చుంది. నేను ఇటు పక్కన, ఇంకో బకెట్ మీద. మట్టి మీద వేడికి గాలి వణుకుతోంది.

ఉప్పుపొద కింద నల్ల గడ్డం కదిలింది. వాడు మళ్ళీ వచ్చాడు. ఇద్దరం లేచాం.